మా కాలేజీ క్లౌడ్‌కి నెట్‌వర్కింగ్ ఇలా కట్టాం

ఓపెన్‌స్టాక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సొంత క్లౌడ్ పెట్టుకున్నవాళ్లని ఎవరిని అడిగినా, అసలు కష్టమంతా నెట్‌వర్కింగ్ దగ్గరే ఉందంటారు. మా ఇంజినీరింగ్ కాలేజీలో ఆ భాగం నాకే వచ్చింది. లాగిన్లు చూసుకునే కీస్టోన్, వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) నడిపే నోవా, స్టోరేజ్ పనులు మా టీమ్‌లో మిగతావాళ్లు పంచుకున్నారు. నెట్‌వర్కింగ్ సర్వీస్ అయిన న్యూట్రాన్‌ని మొదటి నుంచి చివరి దాకా నేనే చూశాను. ఆ పని ఎలా సాగింది, ఎక్కడ ఆగింది, ఏం చూస్తే తేలింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా అవసరం చెప్పాలి. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో పిల్లలు రౌటర్ పెట్టాలి, సిస్టమ్‌లకి ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నడపాలి, ఫైర్‌వాల్ రూల్స్ రాసి చూసుకోవాలి. ఆ ప్రయోగాలు క్యాంపస్ నెట్‌వర్క్ మీద చేయనివ్వలేం. ఎవరో ఒకరు డీహెచ్‌సీపీ సర్వర్ ఆన్ చేస్తే చాలు, ఆ అంతస్తులో ఉన్న సిస్టమ్‌లన్నీ తప్పుడు అడ్రసులు తీసుకుని కూర్చుంటాయి. అందుకే ఇన్నాళ్లూ పిల్లలు ఇవన్నీ సిమ్యులేటర్‌లో బొమ్మలు లాగి నేర్చుకుంటున్నారు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో విడి నెట్‌వర్క్ ఇవ్వాలి, అందరూ 192.168.10.0 అనే ఒకే అడ్రసు వరస వాడుకున్నా ఒకరిది ఒకరికి తగలకూడదు, ఎవరి నెట్‌వర్క్‌ని వాళ్లు పాడుచేసుకుని మళ్లీ కట్టుకునే స్వేచ్ఛ ఉండాలి. న్యూట్రాన్ సరిగ్గా ఇందుకోసం పుట్టిందే. 2012లో ఫోల్సమ్ విడుదలతో క్వాంటమ్ అన్న పేరుతో వచ్చింది, మరుసటి ఏడాది పేరు మారింది. అంతకు ముందు నోవాలోనే నెట్‌వర్కింగ్ భాగం ఉండేది కానీ, ఇలా ఎవరికి వాళ్లు నెట్‌వర్కులు గీసుకునే వీలు అందులో లేదు.

మేం తీసుకున్నది ఉబుంటు 24.04, దానితో వచ్చే ఓపెన్‌స్టాక్ కారకల్ విడుదల. మా సర్వర్లలో (ఇక్కడ నోడ్ అంటే ఒక సర్వర్) అన్నింటినీ నడిపించే కంట్రోలర్ నోడ్ ఒకటి, నెట్‌వర్క్ నోడ్ ఒకటి, మిగతావి వర్చువల్ మెషీన్లు నడిచే కంప్యూట్ నోడ్‌లు. ప్రతి మెషీన్‌కీ మూడు నెట్‌వర్క్ కార్డులు.

ఏ ప్యాకేజీ ముట్టుకోకముందే మా సర్వర్ గదిలో తెల్లబోర్డు మీద బొమ్మ గీశాం. మొదటి కార్డు మేనేజ్‌మెంట్‌కి: నోడ్‌లు తమలో తాము మాట్లాడుకునేది, మేం లాగిన్ అయ్యేది దీని మీదే. రెండో కార్డు ఓవర్‌లేకి, అంటే ఉన్న తీగల మీదే సాఫ్ట్‌వేర్‌తో కట్టే నెట్‌వర్కులకి: పిల్లల నెట్‌వర్కుల ట్రాఫిక్ అంతా టన్నెల్‌లో పడి వెళ్లేది ఇందులో. మూడో కార్డు ప్రొవైడర్ నెట్‌వర్క్‌కి, అంటే క్యాంపస్ వైపు దారి. దీనికి ఐపీ అడ్రసు ఇవ్వకూడదు, ఊరికే అప్ చేసి వదిలేయాలి. ఏ కార్డు ఏ స్విచ్‌లో ఏ పోర్టుకి పోయిందో కేబుల్ పట్టుకుని చూసి మరీ బోర్డు మీద రాశాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ఈ బొమ్మ లేకుండా కాన్ఫిగ్ ఫైల్ తెరవొద్దు. తర్వాత వచ్చే ప్రతి అనుమానానికీ జవాబు ఇక్కడే దొరుకుతుంది.

కంట్రోలర్ మీద పని తొందరగానే అయింది. మరియాడీబీలో న్యూట్రాన్‌కి ఒక డేటాబేస్, కీస్టోన్‌లో ఒక యూజర్, సర్వీస్ ప్రాజెక్టులో దానికి అడ్మిన్ రోల్, 9696 పోర్టు మీద మూడు ఎండ్‌పాయింట్లు (మిగతా సర్వీసులు దాన్ని పిలిచే చిరునామాలు). ఇన్‌స్టలేషన్ గైడ్‌లో ఉన్న వరసలోనే పోతే ఇబ్బందేమీ లేదు. కాస్త ఆగి ఆలోచించాల్సింది ఎంఎల్2 ప్లగిన్ ఫైల్ దగ్గర. నెట్‌వర్కులు ఏ రకం, వాటిని ఏ యంత్రాంగం కడుతుంది అన్నది అక్కడే తేలుతుంది. పిల్లల నెట్‌వర్కులకి వీఎక్స్‌ల్యాన్ అనే టన్నెల్ పద్ధతి పెట్టాం. ఒకే తీగ మీద నెట్‌వర్కులని నంబర్లతో విడదీసే మామూలు వీల్యాన్‌లో ఆ నంబరుకి 12 బిట్లే కాబట్టి వాడుకోగలిగేవి 4094. వీఎక్స్‌ల్యాన్‌లో 24 బిట్లు, అంటే కోటీ అరవై ఏడు లక్షలకు పైగా నంబర్లు. మాకు అన్ని అక్కర్లేదు. మమ్మల్ని లాగింది ఇంకో సౌకర్యం: కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా స్విచ్‌లోకి వెళ్లి వీల్యాన్ కలపాల్సిన పని ఉండదు. స్విచ్‌కి కనిపించేది నోడ్ నుంచి నోడ్‌కి పోయే యూడీపీ ప్యాకెట్లే, 4789 పోర్టు మీద.

ట్రాఫిక్‌ని మలిపే పనికి ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్‌లో నడిచే స్విచ్) ఏజెంట్‌ని ఎంచుకున్నాం. ఏజెంట్ అంటే నోడ్ మీద నడుస్తూ న్యూట్రాన్ చెప్పింది చేసే ప్రోగ్రాం. లినక్స్ బ్రిడ్జ్ ఏజెంట్ అప్పటికే దారి చివరికి వచ్చేసింది, తర్వాత దాన్ని పూర్తిగా తీసేశారు కూడా. ఓవీఎన్ కొత్త పద్ధతి, మంచిదే. అయినా మా టీమ్‌కి ఒక్కో భాగం విడివిడిగా కనిపించే పాత పద్ధతి మీదే చేయి తిరగాలని నా ఉద్దేశం. నేర్పే చోట ఉన్నాం కదా, పిల్లలకి చూపించడానికి కూడా ఇదే వీలు.

ఇక కంప్యూట్ నోడ్. ఇక్కడ పెట్టాల్సిన ప్యాకేజీ ఒక్కటే, ఓపెన్ వీస్విచ్ ఏజెంట్. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో, సర్వీసుల మధ్య కబుర్లు మోసే ర్యాబిట్ఎంక్యూ చిరునామా చాలు. నోడ్‌కి డేటాబేస్‌తో నేరుగా పని లేదు, అన్నీ మెసేజ్ క్యూ ద్వారానే నడుస్తాయి. ఏజెంట్ ఫైల్‌లో రెండు సంగతులు ప్రాణం. లోకల్ ఐపీ అన్న చోట ఆ నోడ్ ఓవర్‌లే కార్డు అడ్రసు రాయాలి, మేనేజ్‌మెంట్ అడ్రసు కాదు. బ్రిడ్జ్ మ్యాపింగ్ అన్న చోట ప్రొవైడర్ అన్న పేరు ఏ బ్రిడ్జ్‌కి (ఓపెన్ వీస్విచ్‌లో కట్టే వర్చువల్ స్విచ్) చెందుతుందో చెప్పాలి, ఆ పేరు కంట్రోలర్‌లో రాసిన పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. నోవా కాన్ఫిగ్‌లో న్యూట్రాన్ వివరాలు కలిపి నోవా కంప్యూట్‌ని రీస్టార్ట్ చేస్తే ఆ నోడ్ వరకు పని అయినట్టే.

బ్రిడ్జ్ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మనం ఏ కార్డు మీద లాగిన్ అయి ఉన్నామో ఆ కార్డునే బ్రిడ్జ్‌లోకి చేరిస్తే, ఎంటర్ కొట్టిన క్షణానే సెషన్ పోతుంది. కార్డులు తక్కువ ఉన్న కొన్నిచోట్ల మేనేజ్‌మెంట్ అడ్రసుని బ్రిడ్జ్ మీదకే మారుస్తుంటారు. నేను దానికి ఒప్పుకోలేదు. న్యూట్రాన్ ఈ బ్రిడ్జ్‌లని సెక్యూర్ మోడ్‌లో పెడుతుంది. అంటే ఏజెంట్ లేచి ఫ్లోలు (ఏ ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే రూల్స్) రాసేదాకా ఒక్క ప్యాకెట్ కూడా దాటదు. ఏజెంట్ పని మొదలుపెట్టాలంటే కంట్రోలర్‌తో మాట్లాడాలి, కంట్రోలర్‌తో మాట్లాడాలంటే నెట్‌వర్క్ కావాలి, ఆ నెట్‌వర్కేమో బ్రిడ్జ్ మీద ఉంది. విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ గదికి పరిగెత్తే పని మాకొద్దని మేనేజ్‌మెంట్ కార్డుని అసలు ముట్టుకోలేదు. అయినా బ్రిడ్జ్ కట్టిన రోజు సర్వర్ వెనక రిమోట్ కన్సోల్ తెరిచి పెట్టుకునే కూర్చున్నాను.

ఏజెంట్ల జాబితా అడిగితే కొత్త నోడ్ పేరు ఎదురుగా స్మైలీ వచ్చింది. న్యూట్రాన్‌లో ఏజెంట్ బతికి ఉంటే స్మైలీ, లేకపోతే మూడు ఎక్స్ గుర్తులు. ప్రతి ఏజెంట్ 30 సెకన్లకోసారి నేనున్నానని కబురు పంపాలి, 75 సెకన్లు కబురు లేకపోతే కంట్రోలర్ దాన్ని చనిపోయినట్టు లెక్కేస్తుంది. నోడ్‌ల గడియారాలన్నీ క్రోనీ అనే ప్రోగ్రాంతో ముందే కలిపి పెట్టుకున్నాం కాబట్టి ఆ వైపు నుంచి తలనొప్పి రాలేదు. ఇంకోటి కూడా ఇక్కడే చూసుకోవాలి: నోవా జాబితాలో ఆ నోడ్ పేరు ఎలా ఉందో న్యూట్రాన్ జాబితాలోనూ అలాగే ఉండాలి. ఒకచోట చిన్న పేరు, ఇంకోచోట డొమైన్‌తో కలిపి పూర్తి పేరు ఉంటే, రెండూ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి కానీ వర్చువల్ మెషీన్ పుట్టదు. పోర్టు బైండింగ్ ఫెయిల్డ్ అని లాగ్‌లో వస్తుంది, పైన చూసేవాళ్లకి మాత్రం సరైన హోస్ట్ దొరకలేదనే కనిపిస్తుంది.

స్మైలీ చూడగానే అందరం సంబరపడ్డాం. అది చెప్పేది ఏజెంట్ బతికి ఉందనే, ప్యాకెట్ అవతలికి చేరుతుందని కాదు. ఆ తేడా మరుసటి రోజే తెలిసొచ్చింది.

రెండు కంప్యూట్ నోడ్‌ల మీద చెరొక వర్చువల్ మెషీన్ లేపాం. రెండింటికీ అడ్రసులు వచ్చాయి. మెషీన్లకి ఫైర్‌వాల్ లాంటి డిఫాల్ట్ సెక్యూరిటీ గ్రూప్ బయటి నుంచి వచ్చేదాన్ని ఆపేస్తుంది కాబట్టి పింగ్‌కీ, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కీ రూల్స్ కలిపాం. పింగ్ బ్రహ్మాండంగా పోతోంది. నాతో పనిచేస్తున్న ఎంటెక్ అబ్బాయి ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి, కాసేపు స్క్రీన్ వంకే చూసి, "సార్, పింగ్ వెళ్తోంది కానీ లాగిన్ దగ్గర ఆగిపోతోంది" అన్నాడు. వివరంగా చూపించమని అడిగితే, కనెక్షన్ కుదిరి, తాళాలు మార్చుకునే దశలో, అవతలి జవాబు కోసం ఎదురుచూస్తున్నానని చెప్పి బిగుసుకుపోయింది. కాసేపటికి టైమవుట్.

టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఏ లాగ్‌లోనూ ఎర్రర్ లేదు. ఏజెంట్లన్నీ స్మైలీలే. సర్వీసులు రీస్టార్ట్ చేద్దామన్నారు మావాళ్లు. నేను వద్దన్నాను. రీస్టార్ట్‌తో ఏదైనా సర్దుకున్నా ఎందుకు సర్దుకుందో తెలియదు, మళ్లీ పిల్లలు ల్యాబ్‌లో కూర్చున్నాక వస్తే ఏం చెప్తాం? ఒక్క ప్యాకెట్‌ని పట్టుకుని దాని వెంటే నడుద్దాం అన్నాను.

ఆ ప్రయాణం ఇలా ఉంటుంది. వర్చువల్ మెషీన్ నుంచి బయటికొచ్చిన ప్యాకెట్ ముందు ట్యాప్ ఇంటర్‌ఫేస్‌లోకి (ఆ మెషీన్ వర్చువల్ కార్డుకి నోడ్ వైపు కొస) వస్తుంది. అక్కడి నుంచి ఇంటిగ్రేషన్ బ్రిడ్జ్. ఈ బ్రిడ్జ్ ఆ నోడ్‌కి మాత్రమే తెలిసిన ఒక వీల్యాన్ నంబరు తగిలిస్తుంది. తర్వాత టన్నెల్ బ్రిడ్జ్. అక్కడ ఆ నంబరు తీసేసి, వీఎక్స్‌ల్యాన్ నంబరు వేసి, మొత్తం ఫ్రేమ్‌ని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి ఓవర్‌లే కార్డు మీద అవతలి నోడ్‌కి పంపుతుంది. కవర్‌ని ఇంకో కవర్‌లో పెట్టి పోస్ట్ చేసినట్టు. ఆ పై కవర్‌కి కూడా బరువుంటుంది: ఈథర్నెట్ 14 బైట్లు, ఐపీ 20, యూడీపీ 8, వీఎక్స్‌ల్యాన్ 8, మొత్తం 50 బైట్లు.

మూడు టెర్మినల్స్‌లో, దాటే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ తెరిచాం. ఒకటి మొదటి నోడ్‌లో ట్యాప్ మీద, రెండోది అదే నోడ్ ఓవర్‌లే కార్డు మీద, మూడోది అవతలి నోడ్ ఓవర్‌లే కార్డు మీద. మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ కొట్టమన్నాను. కనెక్షన్ కుదుర్చుకునే చిన్న ప్యాకెట్లు మూడు కిటికీల్లోనూ టకటకా కనిపించాయి. ఆ తర్వాత తాళాల పద్ధతుల జాబితా మోసుకొచ్చే పెద్ద ప్యాకెట్ మొదటి రెండు కిటికీల్లో కనిపించింది, మూడో దాంట్లో రాలేదు. కాసేపటికి మొదటి రెండింట్లో అదే సీక్వెన్స్ నంబరుతో అదే ప్యాకెట్ మళ్లీ వచ్చింది. ఇంకాస్త ఎక్కువ ఎడంతో మళ్లీ. మూడో కిటికీ మాత్రం అలాగే నిలబడిపోయింది. ఎంటెక్ అబ్బాయి వేలు పెట్టి చూపించాడు, "ఇక్కడి నుంచి బయల్దేరింది సార్, అక్కడికి చేరలేదు." అంటే న్యూట్రాన్ తన పని చేసేసింది. పోయింది రెండు సర్వర్ల మధ్య తీగ మీదే.

మా ఓవర్‌లే కార్డులన్నింటికీ ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు, 9000 పెట్టుకున్నాం, న్యూట్రాన్‌కీ అదే చెప్పాం. అందుకే 50 తీసేసి వర్చువల్ మెషీన్లకి 8950 అని డీహెచ్‌సీపీ ద్వారా అందుతోంది. ప్రొవైడర్ వైపు మాత్రం క్యాంపస్ నెట్‌వర్క్‌కి సరిపోయేలా 1500 అని విడిగా రాశాం. స్విచ్‌లు బిగించిన ఏజెన్సీ వాళ్లు జంబో ఫ్రేమ్‌లు (1500 బైట్లు దాటిన పెద్దవి) అన్ని పోర్టుల్లోనూ ఆన్ చేశామని పని అప్పగించేటప్పుడే కాగితం మీద రాసిచ్చారు.

ఆ మాట నిజమో కాదో తేల్చడానికి న్యూట్రాన్‌తో పనే లేదు. ప్యాకెట్లని విడగొట్టే పని కార్డుకే వదిలే ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే టీసీపీడంప్ చూపించే సైజుల్ని ఉన్నదున్నట్టు నమ్మలేం కాబట్టి, నేరుగా పింగ్‌తోనే కొలిచాం. నోడ్ నుంచి నోడ్‌కి, ఓవర్‌లే అడ్రసు మీద, ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్. ఐపీకి 20, ఐసీఎంపీకి 8 కలిపితే సరిగ్గా 9000. ఒకే స్విచ్ మీద ఉన్న నోడ్‌ల మధ్య పోయింది. రెండో స్విచ్ మీద ఉన్నవాటికి పోలేదు. సైజు 1472కి తగ్గిస్తే పోయింది. ఇంకేం కావాలి? ఏజెన్సీకి ఫోన్ చేస్తే అక్కడి ఇంజినీరు "అన్నీ ఆన్‌లోనే ఉన్నాయండీ" అన్నారు. ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకి, ఎంత సైజు దాకా పోతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నీ బోర్డు మీద బొమ్మ చూసి చదివి వినిపించాను. గంట తర్వాత ఆయనే ఫోన్ చేసి, రెండో స్విచ్‌లో ఆ సెట్టింగ్ మిగిలిపోయిందని చెప్పి, 9216 పెట్టి సేవ్ చేశారు. మా వైపు ఒక్క అక్షరం మార్చకుండానే ఎస్‌ఎస్‌హెచ్ లోపలికి వెళ్లిపోయింది.

ఎంటీయూ సమస్యకి ఉన్న దొంగ లక్షణమే ఇది. చిన్న ప్యాకెట్లు బాగానే పోతాయి కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పింగ్ పోతుంది, అడ్రసు వస్తుంది, పేజీ తెరిస్తే మాత్రం తెల్లగా ఉండిపోతుంది. వర్చువల్ మెషీన్ ఎంటీయూని 1400కి తగ్గించి చేతులు దులుపుకోమని చాలామంది సలహా ఇస్తారు. పని నడుస్తుంది, కాదనను. కానీ తీగ మీద లోపం అలాగే ఉండిపోతుంది, రేపు స్టోరేజ్ ట్రాఫిక్ అదే స్విచ్ మీదకి వచ్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

నెట్‌వర్క్ నోడ్ గురించి కూడా కొంచెం. అక్కడ రౌటర్లు నడిపే ఎల్3 ఏజెంట్, డీహెచ్‌సీపీ ఏజెంట్, మెటాడేటా ఏజెంట్ పెట్టాం. ఒక్కో రౌటర్‌కి ఒక్కో నేమ్‌స్పేస్ (ఒకే మెషీన్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్ గది లాంటిది), ఒక్కో నెట్‌వర్క్ డీహెచ్‌సీపీకి ఇంకో నేమ్‌స్పేస్. అందరి అడ్రసులూ ఒకటే అయినా గొడవ రాకపోవడానికి కారణం ఇవే. పిల్లల్ని గదిలోకి పిలిచి, ఒక బ్యాచ్ రౌటర్ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి రూటింగ్ టేబుల్ చూపించాను, పక్క బ్యాచ్‌దీ చూపించాను. రెండింట్లోనూ ఒకటే 192.168.10.1. ఒకే మెషీన్‌లో ఒకే అడ్రసు రెండుసార్లు ఎలా ఉందని వెంటనే ప్రశ్న వచ్చింది. ఆ రోజు క్లాసు అక్కడే సర్వర్ గదిలో జరిగిపోయింది. కొత్త మెషీన్ లేవగానే 169.254.169.254 అడ్రసుని అడిగి తన పేరు, తాళం తెచ్చుకుంటుంది. ఆ అభ్యర్థన రౌటర్ నేమ్‌స్పేస్‌లో ఉన్న ప్రాక్సీకి, అక్కడి నుంచి మెటాడేటా ఏజెంట్‌కి, అక్కడి నుంచి నోవాకి 8775 పోర్టు మీద చేరుతుంది. న్యూట్రాన్‌లోనూ నోవాలోనూ ఒకే రహస్య పదం ఉండాలి. అది కలవకపోతే మెషీన్ లేస్తుంది, మనకి మాత్రం తలుపు తెరవదు.

అసలు పరీక్ష ల్యాబ్‌లో వచ్చింది. ఒక బ్యాచ్ అమ్మాయిలు తమ మెషీన్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టారు. కాన్ఫిగ్ అంతా సరిగ్గా ఉంది, సర్వర్ లాగ్‌లో జవాబు ఇచ్చినట్టే ఉంది, పక్క మెషీన్‌కి మాత్రం అందట్లేదు. ఇది లోపం కాదు, న్యూట్రాన్ కావాలనే చేస్తుంది. పోర్ట్ సెక్యూరిటీ ఆన్‌లో ఉన్నంతసేపు ఏ వర్చువల్ మెషీన్ కూడా డీహెచ్‌సీపీ సర్వర్‌లా జవాబివ్వడానికి వీల్లేదు, తనది కాని అడ్రసు పెట్టుకుని పంపడానికీ వీల్లేదు. బయటి క్లౌడ్‌లో ఇది చాలా మంచి కాపలా. మా ల్యాబ్‌కి మాత్రం సరిగ్గా అదే పని కావాలి. ఆ ప్రయోగానికి విడిగా ఒక నెట్‌వర్క్ ఇచ్చాం, అందులో న్యూట్రాన్ సొంత డీహెచ్‌సీపీ ఆపేశాం, ఆ పోర్టుల మీద సెక్యూరిటీ గ్రూపులు తీసేసి పోర్ట్ సెక్యూరిటీ కూడా ఆఫ్ చేశాం. ఆ నెట్‌వర్క్‌కి రౌటర్ తగిలించలేదు, క్యాంపస్ వైపు దారే లేదు. వాళ్ల డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి మొదటి అడ్రసు వెళ్లినప్పుడు ఆ బెంచీ దగ్గర వినిపించిన కేక ఆ కారిడార్ అంతా విన్నారు.

కరెంటు సంగతి. సర్వర్ గదికి యూపీఎస్ ఉంది, ఎండాకాలంలో అది కూడా చేతులెత్తేసే రోజులుంటాయి. అందుకని ల్యాబ్ మొదలవకముందే అన్ని నోడ్‌లూ ఆపి మళ్లీ లేపి చూశాం. బ్రిడ్జ్‌లు ఓపెన్ వీస్విచ్ సొంత డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి చెక్కుచెదరలేదు, ఫ్లోలు మాత్రం ఏజెంట్ లేచాక మళ్లీ రాసుకుంది. వర్చువల్ మెషీన్ లేచేముందు పోర్టు సిద్ధమైందన్న కబురు న్యూట్రాన్ నుంచి రావాలని నోవా 300 సెకన్లు ఎదురుచూస్తుంది, రాకపోతే మెషీన్‌ని ఎర్రర్‌లో పడేస్తుంది. కాబట్టి కంట్రోలర్, డేటాబేస్, ర్యాబిట్ఎంక్యూ ముందు, నెట్‌వర్క్ నోడ్ తర్వాత, కంప్యూట్ నోడ్‌లు చివర అన్న వరస కాగితం మీద రాసి గది తలుపుకి అంటించాం. నైట్ డ్యూటీ చూసే అన్న కూడా ఆ కాగితం చూసి మొత్తం లేపగలడు.

ఇప్పుడు కొత్త నోడ్ వస్తే ఎంటెక్ అబ్బాయే, సర్వర్ల మీద పనులు వాటంతటవే జరిగేలా చేసే యాన్సిబుల్‌తో కలిపేస్తున్నాడు. దాని ప్లేబుక్‌లో (చేయాల్సిన పనుల జాబితా) మొదటి పని ప్యాకేజీలు పెట్టడం కాదు, ఉన్న నోడ్‌లన్నింటికీ 8972 బైట్ల పింగ్ కొట్టడం. ఒక్కటి ఫెయిలైనా ప్లేబుక్ అక్కడే ఆగిపోతుంది. వేసవి సెలవుల్లో ఓవీఎన్‌కి మారాలా వద్దా అని చూస్తున్నాం. దానిలో టన్నెల్ వీఎక్స్‌ల్యాన్ బదులు జెనీవ్‌ది, పోర్టు 6081, పై కవర్ బరువు ఇంకాస్త ఎక్కువ, కాబట్టి 8950 అని ఉన్న నెట్‌వర్కులన్నీ 8942కి దిగాలి. మారే ముందు పిల్లల మెషీన్లన్నింటికీ ఆ కొత్త సంఖ్య అందేలా చేయాలి. దానికోసం రెండు పాత సర్వర్ల మీద చిన్న నమూనా కట్టి ప్రయత్నిస్తున్నాం.